యూనీ-టీ యూటీ210ఈ క్లాంప్ మీటరు: పాత లారీ చార్జింగ్ జబ్బులు పట్టుకుంటుందా?

చెన్నైలో మాధవరం ట్రక్ టెర్మినల్ నుంచి రెడ్‌హిల్స్ దాకా జీఎన్‌టీ రోడ్డు వెంట ఆగి ఉండే పాత లారీల దగ్గర "డైనమో పోయింది" అన్న మాట వినపడని పొద్దు ఉండదు. నెల్లూరు, గూడూరు, నాయుడుపేట వైపు నుంచి సరుకు తెచ్చిన బండి తెల్లారేసరికి సెల్ఫ్ పట్టకపోతే జరిగే తంతు ఒక్కటే. ముందు బ్యాటరీని అనుమానిస్తారు. అది మార్చినా తగ్గకపోతే డైనమో దింపుతారు. అదీ మార్చాక అప్పుడు వైరింగ్ గుర్తొస్తుంది. నిజానికి ఈ వరుస తిరగేసి నడవాలి. లగ్గు (కేబులు చివర బిగించే లోహపు ముక్క) శుభ్రం చేయడానికి ఎమరీ కాగితం చాలు, కేబులు వందల్లో వస్తుంది, డైనమో వేలల్లో పోతుంది, బ్యాటరీల జత అంతకు మించి లాగుతుంది. చవకైన చోట మొదలుపెట్టాలంటే కరెంటు ఏ వైరులో ఎంత పారుతోందో కంటికి కనపడాలి. ఆ పనికి యూటీ210ఈ అనే ఈ చిన్న క్లాంప్ మీటరు (వైరు తెంచకుండా, దాని చుట్టూ దవడ మూసి కరెంటు కొలిచేది) ఎంతవరకు సరిపోతుందన్నదే ఇక్కడి విషయం. ముందే చెప్పాల్సిన మాట: చార్జింగ్, లీకేజీ పనులకు ఇది దాని ధరకు మించి పనిచేస్తుంది. సెల్ఫ్ మోటారు పనికి మాత్రం సగమే.

(డైనమో అని అందరూ అంటున్నారు కాబట్టి ఇక్కడా అలాగే రాస్తున్నాం. ఇప్పుడు తిరుగుతున్న ఏ బండిలోనైనా ఉండేది ఆల్టర్నేటరే. ఈ తేడా మాటతో పోయేది కాదు, కింద ఒకచోట దానితో పని పడుతుంది.)

ఇంటి వైరింగ్ వాళ్లు వాడే చవక క్లాంపులు చాలావరకు ఏసీ కరెంటునే చూపిస్తాయి. లారీలో ఉండేది డీసీ. యూటీ210ఈ దవడలో అయస్కాంత శక్తిని పసిగట్టే హాల్ సెన్సర్ ఉంటుంది కాబట్టి రెండూ చదువుతుంది. కరెంటుకు మూడు మెట్లు (రేంజీలు) ఉన్నాయి: 2, 20, 100 ఆంపియర్లు. 2 ఆంపియర్ల మెట్టులో ఒక్కో మిల్లీ ఆంపియర్ చొప్పున అంకె కదులుతుంది. ఈ ఒక్క గుణం కోసమే ఈ మీటరు కొనాలి. 400, 600 ఆంపియర్ల పెద్ద డీసీ క్లాంపుల్లో చాలావాటికి ఇంత చిన్న కరెంటు కనపడదు. దవడ 17 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది. మామూలు బ్యాటరీ కేబులు ఒకటి పడుతుంది, రెండు పట్టవు. పైన గొట్టం తొడిగి ఉంటే గొట్టం జరపాల్సిందే. వోల్టులు, ఓములు, డయోడ్, కంటిన్యుటీ చూసుకోవడానికి రెండు ప్రోబులు ఉంటాయి. ముట్టుకోకుండానే కరెంటు పసిగట్టే ఎన్‌సీవీ అనే సదుపాయం గురించి డబ్బా మీద గొప్పగా ఉంటుంది కానీ అది ఏసీకే. లారీ దగ్గర దాన్ని మరిచిపోండి.

లోపం కూడా ఇప్పుడే చెప్పుకోవాలి. ఇది 2000 కౌంట్ల మీటరు, అంటే తెర మీద అంకెలు 1999 దాకానే. 19.99 దాటిన వోల్టేజీకి దశాంశం తర్వాత ఒక్క అంకె మాత్రమే చూపిస్తుంది. టాటా 407 లాంటి 12 వోల్ట్ల బండి మీద 14.17 అని చదివే మీటరు, రెండు 12 వోల్ట్ల బ్యాటరీలను వరుసగా కలిపిన 24 వోల్ట్ల లారీ మీద 28.3 అనే చెబుతుంది. దీనికి మందు సులువు: రెండు బ్యాటరీలనూ విడివిడిగా కొలవండి. 14.12, 14.19 అని రెండు అంకెల దశాంశం వస్తుంది. పైగా విడివిడిగా కొలిస్తేనే బయటపడే జబ్బు ఒకటుంది, దానికి తర్వాత వద్దాం.

హాల్ సెన్సర్ మీటర్లన్నిటికీ ఉన్న చాదస్తం దీనికీ ఉంది. ఖాళీ దవడతోనే 0.03, 0.08 అని ఏదో ఒకటి చూపిస్తుంది. భూమి అయస్కాంత శక్తి, పక్కనున్న ఇనుము, కిందటిసారి కొలిచిన పెద్ద కరెంటు దవడలో మిగిల్చిన అయస్కాంతత్వం, అన్నీ కలిసి ఆ అంకె అవుతాయి. అందుకని కొలవబోయే వైరు పక్కనే, కొలిచేటప్పుడు ఎలా పట్టుకుంటారో అలాగే పట్టుకుని, దవడ మూసి, జీరో నొక్కాలి. ఆ తర్వాతే వైరు మీద వేయాలి. మీటరును అటు నుంచి ఇటు తిప్పినా, మెట్టు మార్చినా మళ్లీ జీరో చేయాలి. వైరు దవడ మధ్యలో ఉండాలి, మొదట్లో ఇరుక్కుని ఉండకూడదు. తెర మీద డీసీ గుర్తు ఉందో లేదో కూడా చూసుకోండి, ఏసీలో ఉంటే సెలెక్ట్ బటన్‌తో మార్చాలి. ఇవి పాటించని వాళ్లే "ఈ మీటరు తప్పు చూపిస్తుంది" అంటారు. ఎంత పాటించినా 10 మిల్లీ ఆంపియర్ల లోపు అంకెను పట్టించుకోకండి.

సన్నని వైరులో చిన్న కరెంటు చూడాలంటే ఒక కిటుకుంది. ఆ వైరునే దవడ గుండా పది చుట్లు చుట్టండి. మీటరు పదింతలు చూపిస్తుంది. 0.310 వస్తే అసలు కరెంటు 31 మిల్లీ ఆంపియర్లు. ఫ్యూజు బాక్సు దగ్గర పది చుట్లకు సరిపడేంత వైరు, రెండు క్లిప్పులతో ఒక ముక్క తయారుచేసి పెట్టుకుంటే ఫ్యూజు తీసిన చోట తగిలించి చూడొచ్చు.

ఇక కరెంటు ఏ దిక్కున పోతోందన్నది. దవడ ఎటు తిప్పి వేశారో దాన్ని బట్టి ప్లస్ మైనస్ మారుతుంది. బాణం గుర్తు చూసి బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. ఇంజిన్ ఆపి, హెడ్‌లైట్లు వేసి, బ్యాటరీ కేబులు మీద క్లాంపు వేయండి. అప్పుడొచ్చిన గుర్తు బ్యాటరీ ఖాళీ అవుతున్న గుర్తు. ఇంజిన్ నడిచేటప్పుడు దానికి ఎదురు గుర్తు వస్తే బ్యాటరీకి చార్జింగ్ ఎక్కుతున్నట్టు.

లీకేజీతో, అంటే బండి ఆగి ఉన్నా బ్యాటరీ నుంచి కారిపోయే కరెంటుతో మొదలుపెడదాం, ఈ మీటరు బలం అక్కడే ఉంది. డీజిల్‌ను మెకానికల్ పంపే అందించే పాత బండికి కంప్యూటర్ లేదు. తాళం తీసి, లైట్లన్నీ ఆపి, బ్యాటరీ మైనస్ కేబులు మీద 2 ఆంపియర్ల మెట్టులో చూస్తే దాదాపు సున్నా రావాలి. జీపీఎస్ డబ్బా, టేప్ రికార్డర్ మెమొరీ ఉంటే 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్లు ఒప్పుకోవచ్చు. 50 మిల్లీ ఆంపియర్లంటే రోజుకు 1.2 ఆంపియర్ అవర్లు, పెద్ద బ్యాటరీకి అది లెక్కలోది కాదు. 0.4 వస్తే మాత్రం రోజుకు దాదాపు 10 ఆంపియర్ అవర్లు పోతున్నాయి. హార్బర్ క్యూలోనో లోడు కోసమో మూడు రోజులు నిలబడితే 30. అసలే సగం చార్జింగ్‌తో ఉన్న బ్యాటరీ నాలుగో రోజు సెల్ఫ్ కొట్టదు.

లీకేజీ ఉందని తేలితే ఫ్యూజులు ఒక్కొక్కటే పీకేముందు డైనమో బీ ప్లస్ వైరు (డైనమో ఇచ్చే కరెంటును బయటికి తెచ్చే లావు వైరు) మీద క్లాంపు వేయండి. ఆ వైరుకు సాధారణంగా ఫ్యూజు బాక్సుతో సంబంధం ఉండదు, అన్ని ఫ్యూజులు పీకినా లీకేజీ ఆగలేదంటే కారణం ఎక్కువసార్లు అక్కడే. ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు ఆ వైరులో ఏమీ పారకూడదు. రెండు మూడు వందల మిల్లీ ఆంపియర్లు కనిపిస్తే లోపల డయోడ్ వెనక్కి కారుతోంది. రాత్రంతా ఆగిన బండి డైనమో తెల్లవారుజామున చేతికి గోరువెచ్చగా తగిలిందంటే అదే. బీ ప్లస్ శుభ్రంగా ఉంటే అప్పుడు ఫ్యూజుల దగ్గరకు వెళ్లాలి. ఎక్కువగా దొరికే దొంగలు: నొక్కుకుపోయిన బ్రేక్ లైట్ స్విచ్, క్యాబిన్ లైటు, తాళంతో పని లేకుండా నేరుగా కలిపిన స్పీకర్ యాంప్లిఫయర్, సైడు బల్బుల కోసం ఎవరో ఎప్పుడో జాయింటు వేసి వదిలేసిన వైరు.

క్లాంపుకు అసలు కనపడని లీకేజీ కూడా ఉంది. బ్యాటరీ మూత మీద యాసిడ్ తడి, దుమ్ము పేరుకుంటే ప్లస్ నుంచి మైనస్‌కు ఆ బురద గుండానే కరెంటు పారుతుంది. అది కేబులులోకి రానే రాదు, కాబట్టి మీటరు సున్నా చూపిస్తుంది, బ్యాటరీ మాత్రం తెల్లారేసరికి దిగిపోతుంది. వోల్ట్ల మెట్టులో ఒక ప్రోబు మైనస్ పోల్ మీద, రెండోది మూత మీద ఆ తడిలో పెట్టి జరపండి. అర వోల్టు దాకా వచ్చిందంటే మూత కడగాలి. గోరువెచ్చని నీళ్లలో వంట సోడా కలిపి బ్రష్షుతో రుద్దితే చాలు, బిరడాలు మాత్రం గట్టిగా బిగించి ఉండాలి, సోడా నీళ్లు సెల్‌లోకి పోతే యాసిడ్ చచ్చిపోతుంది. కడిగినా దిగుతుంటే రెండు కేబుళ్లూ విప్పి రాత్రంతా వదిలేయండి. అప్పుడు కూడా దిగితే జబ్బు బ్యాటరీదే, వైరింగ్ జోలికి వెళ్లక్కర్లేదు.

చార్జింగ్ పరీక్షకు ముందు బ్యాటరీ స్థితి తెలియాలి. హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వేసి ఆపి, ఇంకో రెండు నిమిషాలు ఆగి కొలవండి, లేకపోతే పైపై చార్జి మోసం చేస్తుంది. ఒక్కో బ్యాటరీకి 12.6, 12.7 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగం, 11.9 అయితే ఖాళీ. ఒకటి 12.6, రెండోది 10.5 దగ్గర ఉందంటే రెండోదాంట్లో ఒక సెల్ చచ్చింది. ఇలాంటి బ్యాటరీని పెట్టుకుని డైనమోను పరీక్షించడం దండగ.

ఇప్పుడు బండి స్టార్ట్ చేసి, ఇంజిన్‌ను 1500 ఆర్‌పీఎం దగ్గర నిలిపి, రెండు చోట్ల కరెంటు చూడాలి. ఒకటి డైనమో బీ ప్లస్ వైరు, రెండోది బ్యాటరీ కేబులు. బ్యాటరీ కేబులు మీద క్లాంపు వేయాల్సింది స్టార్ట్ అయ్యాకే. మొదటిది డైనమో ఎంత ఇస్తోందో చెబుతుంది, రెండోది అందులో బ్యాటరీకి ఎంత చేరుతోందో చెబుతుంది. మధ్యలో తేడా లైట్లు, వైపర్లు తింటున్నది. 24 వోల్ట్ల 75 వాట్ల హెడ్‌లైట్ బల్బు జత దాదాపు 6 ఆంపియర్లు తింటుంది. వెనక లైట్లు, వైపర్, ఫ్యాను కలుపుకుంటే 12 నుంచి 15. డైనమో ప్లేటు మీద 35 ఆంపియర్లని ఉంటే ఇంకా 20 మిగలాలి.

ఈ రెండు కరెంట్లనూ బ్యాటరీ మీద వోల్టేజీనీ కలిపి చదవడం వచ్చిందంటే సగం జబ్బులు కూర్చున్న చోటే తేలిపోతాయి. 27.6 నుంచి 28.8 వోల్టుల మధ్య ఉండి, బ్యాటరీకి మొదట 15, 20 ఆంపియర్లు ఎక్కి, అరగంటలో 3, 4కు దిగితే బండి ఆరోగ్యంగా ఉంది, ఇక ఎవరేం చెప్పినా డైనమో మార్చకండి. వోల్టేజీ 28 ఉండి, ఖాళీ బ్యాటరీకి కరెంటు సున్నా దగ్గరే ఉంటే లగ్గు వదులై ఉండాలి, లేదా ప్లేట్లు సల్ఫేటు పట్టి గడ్డకట్టి ఉండాలి. వోల్టేజీ 26 దాటక, బ్యాటరీ మాత్రం గంట సేపు 25 ఆంపియర్లు మింగుతూనే ఉంటే సెల్ షార్ట్ అయింది. పాపం డైనమో తన శక్తికొద్దీ ఇస్తూనే ఉంది. ఎక్కువ డైనమోలు అన్యాయంగా దిగేది ఈ సందర్భంలోనే. వోల్టేజీ 25 దగ్గరే ఆగి, బీ ప్లస్ కరెంటు కూడా తక్కువగా ఉంటే అప్పుడే డైనమో వైపు చూడాలి, అక్కడా ముందు బెల్టు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానల్లో నీళ్లలో దిగిన బండికి బెల్టు జారడం మామూలే. లైట్లు వేయగానే కీచుమంటే, లేదా పుల్లీ గాడి అద్దంలా మెరుస్తుంటే బెల్టు పని చూడండి. తర్వాత కార్బన్ బ్రష్షులు. 5 మిల్లీమీటర్ల దగ్గరికి అరిగితే మార్చేయాలి. ఆ తర్వాత వోల్టేజీని అదుపులో ఉంచే రెగ్యులేటరు. ఇక 29 దాటి వోల్టేజీ ఎక్కుతుంటే, బ్యాటరీ నీళ్లు వారానికోసారి పోయాల్సి వస్తుంటే, రెగ్యులేటరు అదుపు తప్పింది, లేదా దానికి వోల్టేజీ చెప్పే వైరు మధ్యలో తుప్పు పట్టి తక్కువ చూపిస్తోంది. చెన్నై ఎండల్లో 28 దగ్గర ఉంటే బ్యాటరీకి మేలు.

మీటరుతో వచ్చే ప్రోబుల వైర్లు పొట్టివి. లారీలో బ్యాటరీలు ఛాసిస్ పక్కన, డైనమో ఇంజిన్ మీద. రెండిటి మధ్య వోల్టేజీ ఎంత తగ్గుతోందో చూడాలంటే 5 మీటర్ల వైరు, చివర మొసలి క్లిప్పు కావాలి. అందులో కరెంటు పారదు కాబట్టి సన్నని వైరైనా చాలు. కంపెనీ ఇవ్వదు, మనమే చేసుకోవాలి. ఇది లేకుండా ఈ మీటరు కొని లాభం లేదనేంత ముఖ్యం.

లైట్లన్నీ వేసి, 1500 ఆర్‌పీఎం దగ్గర, ఒక ప్రోబు డైనమో బీ ప్లస్ బోల్టు మీద, రెండోది బ్యాటరీ ప్లస్ పోల్ మీద పెట్టండి. పోల్ మీదే, దానికి బిగించిన కేబులు లగ్గు మీద కాదు. తుప్పు ఉండేది ఆ రెండిటి మధ్యే. 24 వోల్ట్ల బండికి అర వోల్టు దాటకూడదు, 12 వోల్ట్ల బండికి 0.3. తర్వాత డైనమో బాడీ నుంచి బ్యాటరీ మైనస్ పోల్‌కు చూడండి, 0.2 లోపు ఉండాలి. ఇక్కడ మీటరు 2 వోల్ట్ల మెట్టులోకి దిగుతుంది, దశాంశం తర్వాత మూడంకెలు వస్తాయి, 24 వోల్ట్ల దగ్గర పడ్డ ఇబ్బంది ఇక్కడ లేదు.

కేబులు మందం గురించి లెక్క వేసి చూడండి. 10 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 4 మీటర్లు, 40 ఆంపియర్లు: 0.3 వోల్టు పోతుంది. రోడ్డు పక్క రిపేరులో అదే చోట 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే 0.75 దాకా పోతుంది. డైనమో 28.3 ఇస్తున్నా బ్యాటరీకి 27.5 మాత్రమే అందుతుంది, ఏ రోజూ నిండదు, ఆరు నెలల్లో "బ్యాటరీ నాసిరకం" అని పేరు పడుతుంది. సుత్తితో కొట్టి బిగించిన లగ్గు అయితే ఇంకా ఘోరం. సముద్రపు గాలి తగిలి లోపల రాగి పచ్చగా చిలుమెక్కుతుంది, పైన టేపు చుట్టి ఉంటుంది కాబట్టి కనపడదు. లగ్గును వేళ్లతో పట్టుకుని చూస్తే కాలుతుంది.

మైనస్ వైపు తేడా ఎక్కువ వచ్చిందంటే మొదట అడగాల్సింది "ఎఫ్‌సీ ఎప్పుడు చేయించారు?" అని. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ అన్నమాట. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటా ఎఫ్‌సీ. ఎఫ్‌సీ అంటే పెయింటు. బాడీ ఎర్త్ బోల్టు విప్పి, ఛాసిస్‌కు రంగు కొట్టి, ఆ రంగు మీదే మళ్లీ బిగించేస్తారు. రంగు కరెంటును ఆపుతుంది. బోల్టు విప్పి, ఇనుము తళతళలాడేదాకా గీకి, బిగించి, పైన గ్రీజు రాస్తే పని అయిపోతుంది. ఇంజిన్ నుంచి ఛాసిస్‌కు వెళ్లే జడ వైరు కూడా చూడండి, సగం పోగులు తెగి వేలాడుతుంటాయి. కటాఫ్ స్విచ్ ఉన్న బండిలో దాని రెండు బోల్టుల మధ్య కూడా ఇదే పరీక్ష చేయాలి.

విడివిడిగా కొలిస్తేనే బయటపడే జబ్బు ఒకటుందని పైన అన్నాం కదా. 24 వోల్ట్ల బండిలో టేప్ రికార్డరుకో, మొబైల్ చార్జరుకో 12 వోల్టులు కావాలని ఒక్క బ్యాటరీ నుంచి వైరు లాగేస్తారు. దాదాపు ప్రతి పాత లారీలోనూ ఇదొకటి ఉంటుంది. డైనమోకు కనిపించేది రెండు బ్యాటరీల మొత్తం 28.2 మాత్రమే. పాటలు మోసే బ్యాటరీ దిగిపోయి 13.2 దగ్గర ఉంటే, మిగతా 15 వోల్టులూ రెండోదాని నెత్తిన పడతాయి. ఒకటి ఆకలితో చస్తుంది, రెండోది నీళ్లు మరిగి చస్తుంది. మొత్తం వోల్టేజీ చూసేవాడికి బండి భేషుగ్గా ఉంటుంది.

ఇంజిన్ నడుస్తుండగా రెండిటి మీదా వోల్టేజీ చూడండి. 0.3 మించి తేడా ఉంటే ఈ అనుమానం పెట్టుకోవాలి. తర్వాత జతలో ప్లస్ చివరనున్న బ్యాటరీ ప్లస్ కేబులు, ఎర్త్ వైపున్న బ్యాటరీ మైనస్ కేబులు ఒకదాని తర్వాత ఒకటి క్లాంపులో వేయండి. ఒక్కో పోల్ మీద ఎన్ని వైర్లుంటే అన్నిటినీ విడిగా కొలిచి కలుపుకోవాలి. రెండిట్లోనూ ఒకే కరెంటు పారాలి. ప్లస్‌లో 5, మైనస్‌లో 3 వస్తే ఆ 2 ఆంపియర్లు మధ్యలో ఎవరో తాగుతున్నారు. ఏ వోల్ట్ మీటరూ ఇంత సూటిగా చెప్పలేదు, క్లాంపు విలువ ఇక్కడ తెలుస్తుంది. పరిష్కారం 24 నుంచి 12 వోల్టులకు మార్చే కన్వర్టరు. రెండు బ్యాటరీల మీదుగా కలిపి దాని నుంచి 12 వోల్టులు తీసుకోవాలి. ఇప్పటికే తేడా వచ్చిన జతను బయట విడివిడిగా చార్జి చేసి పెట్టాలి. ఒకటి పాతది, ఒకటి కొత్తది కలిపినా ఇదే గొడవ మొదలవుతుంది.

చార్జింగ్ లైటు విషయంలో మీటరుకు పెద్దగా పని లేదు, కానీ చెప్పకపోతే డైనమో మరోసారి అన్యాయంగా దిగుతుంది. చాలా పాత డైనమోలు ఆ డాష్‌బోర్డు బల్బు గుండా వచ్చే చిన్న కరెంటుతోనే మేలుకుంటాయి. తాళం తిప్పగానే లైటు వెలగాలి, స్టార్ట్ అవగానే ఆరాలి. వెలగకపోతే డైనమో వెనక ఆ సన్నని వైరు ఊడదీసి బాడీకి తాకించండి. అప్పుడు వెలిగితే బల్బూ వైరూ బాగున్నాయి, బ్రష్షులో రెగ్యులేటరో చూడాలి. అప్పుడూ వెలగకపోతే బల్బు మాడింది లేదా వైరు తెగింది. అందం కోసం డాష్‌బోర్డు బల్బులన్నీ ఎల్ఈడీ చేయించిన బండ్లలో డైనమో మేలుకోకపోవడం ఇందుకే: ఎల్ఈడీ గుండా పారే కరెంటు సరిపోదు. యాక్సిలరేటర్ బాగా తొక్కితే తప్ప చార్జింగ్ మొదలవదు. ఆ ఒక్కచోట పాత ఫిలమెంట్ బల్బు పెట్టేస్తే సరి.

డయోడ్ల సంగతి రెండు ముక్కల్లో. ఇంజిన్ నడుస్తుండగా లైట్లు వేసి బ్యాటరీ మీద ఏసీ వోల్టులు చూడండి. అర వోల్టు దాటితే డయోడ్ ప్లేటు మీద అనుమానం, డైనమో గుర్రుమంటుంటే ఇంకాస్త గట్టి అనుమానం. డైనమో దింపాక మీటరులో డయోడ్ మెట్టు పెట్టి ఒక్కోదాన్ని చూస్తే, ఒకవైపు 0.45 నుంచి 0.65, తిప్పి పెడితే ఏమీ రాకూడదు. రెండు వైపులా సున్నా వస్తే షార్ట్, రెండు వైపులా ఏమీ రాకపోతే తెగింది.

ఇక ఒక పాత అలవాటు. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి, "బండి ఆగలేదు కదా, చార్జింగ్ బాగుంది" అనడం. ఇది నిజం డైనమోలున్న కాలం నాటి పరీక్ష, ఆల్టర్నేటరుకు విషం. బ్యాటరీ ఊడిన క్షణంలో వోల్టేజీ ఒక్కసారిగా ఎగిసి రెగ్యులేటరును, డయోడ్లను కాల్చేస్తుంది. పైగా మెకానికల్ పంపు డీజిల్ బండి కరెంటు లేకపోయినా నడుస్తుంది కాబట్టి ఆ పరీక్షకు అర్థమే లేదు. ఎవరైనా అలా చేయబోతే చెయ్యి పట్టుకుని ఆపండి. వెల్డింగ్ పెట్టేటప్పుడు మాత్రం, ఇంజిన్ ఆపి, బ్యాటరీ వైర్లూ డైనమో వైర్లూ విప్పడం మంచిది.

సెల్ఫ్ మోటారు దగ్గరకు వచ్చేసరికి ఈ మీటరు చేతులెత్తేస్తుంది. లారీ సెల్ఫ్ వందల ఆంపియర్లు లాగుతుంది, దీని పరిమితి 100. క్లాంపు వేసి సెల్ఫ్ కొట్టకండి, అంకె రాదు సరికదా దవడలో అయస్కాంతత్వం నిలిచి తర్వాతి లీకేజీ లెక్కలన్నీ చెడతాయి. బదులుగా వోల్టులతోనే పని నడపొచ్చు. ఇంజిన్ స్టాప్ తీగ లాగి పట్టుకుని ఒకరు నాలుగైదు సెకన్లు సెల్ఫ్ కొట్టాలి, ఇంకొకరు మీటరు చూడాలి. ఒక్కో బ్యాటరీ 9.6 కన్నా కిందికి దిగితే ఆ బ్యాటరీ పని అయిపోయింది. బ్యాటరీలు నిలబడి సెల్ఫ్ మాత్రం నీరసంగా తిరుగుతుంటే, ప్లస్ పోల్ నుంచి సెల్ఫ్ బోల్టుకు, సెల్ఫ్ బాడీ నుంచి మైనస్ పోల్‌కు చూడండి, ఒక్కో వైపు అర వోల్టు దాటకూడదు. రెండూ బాగుంటే అప్పుడు సెల్ఫ్ దింపండి. ప్రతిసారీ నిమిషం విరామం ఇవ్వాలి. ఇందులో కనిష్ఠ గరిష్ఠ అంకెలు పట్టి ఉంచే సదుపాయం లేదు, మెట్లు మారడానికి కాస్త సమయం తీసుకుంటుంది, కాబట్టి అంకె కుదురుకునేదాకా కన్ను తీయకూడదు.

ఐదారు బండ్లున్న యజమాని, లేదా షెడ్డు నడిపే ఎలక్ట్రీషియన్ అయితే 600 ఆంపియర్ల పెద్ద క్లాంపు ఒకటి విడిగా కొనుక్కోవాలి. ఒకటి రెండు పాత బండ్లున్న వాళ్లకు ఇదొక్కటి, దానితోపాటు 24 వోల్ట్ల 21 వాట్ల బల్బుతో చేసిన టెస్టు ల్యాంపు చాలు. ల్యాంపు ఎందుకంటే, పది పోగుల్లో తొమ్మిది తెగిన వైరు చివర కూడా మీటరు 24 అని నిక్షేపంగా చూపిస్తుంది, మీటరుకు కావాల్సిన కరెంటు దాదాపు ఏమీ లేదు కాబట్టి. బల్బు దాదాపు 0.9 ఆంపియర్ అడుగుతుంది, అంత ఇవ్వలేని వైరు అక్కడే దొరికిపోతుంది. మీటరుకూ ల్యాంపుకూ మాట కలవకపోతే ల్యాంపునే నమ్మండి.

పని మొదలుపెట్టేముందు చేతి ఉంగరం, స్టీలు వాచీ తీసేయండి. రెండు బ్యాటరీలను కలిపే కేబులు మీద స్పానరు పడి ఉంగరం కరిగిన వేళ్లు ఈ వృత్తిలో కొత్త కాదు. చక్రాల కింద చెక్క పెట్టండి, ప్రోబు వైరు ఫ్యాను వైపు వేలాడకుండా చూసుకోండి.

కొనడానికి ఆన్‌లైన్ కన్నా మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్ మేలు, ఎందుకంటే అక్కడ కౌంటరు మీదే పరీక్షించుకోవచ్చు. జేబులో ఒక 12 వోల్ట్ల చిన్న బ్యాటరీ, 12 వోల్ట్ల 5 వాట్ల బల్బు, మూరెడు వైరు పట్టుకెళ్లండి. జీరో చేసి వైరు మీద వేస్తే 0.4 దగ్గర రావాలి. దవడ తిప్పి వేస్తే అదే అంకె మైనస్‌తో రావాలి. వైరును దవడలో అటూ ఇటూ జరిపితే కొద్దిగా మారొచ్చు, సగానికి సగం మారకూడదు. దవడ రెండు కొసలు సందు లేకుండా మూసుకుంటున్నాయో లేదో వెలుతురుకు పెట్టి చూడండి, మధ్యలో గ్రీజు, దుమ్ము చేరితే అంకె తప్పుతుంది. పేరు చూసి పొరపాటు పడకండి: 210 వరుసలో ఏ, బీ, సీ, డీ అని వేరే అక్షరాలతో కూడా మీటర్లున్నాయి. చివర ఈ ఉన్నదే కావాలి, 2 ఆంపియర్ల డీసీ మెట్టు తిప్పే చక్రం మీద రాసి ఉందో లేదో కళ్లారా చూసుకుని బిల్లు రాయించుకోండి. మొసలి క్లిప్పులు, 5 మీటర్ల వైరు కూడా అదే వీధిలో దొరుకుతాయి.